మధుమేహం ఉన్నవారి పాద రక్షణ: బయటికి చెప్పులు ఉన్నాయి, ఇంటి లోపల మాటేమిటి?

కృష్ణాతీరం

అందరికీ నమస్కారం. మా నాన్నగారి విషయంలో సలహా కోరుతూ రాస్తున్నాను. ఆయనకు 67 ఏళ్లు. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి తెనాలి దగ్గర మా ఊళ్లోనే ఉంటున్నారు. షుగర్ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. నిరుడు ఎడమ కాలి బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు, ఆనె కాసిన చోట పుండు పడింది. అది మానడానికి నెలలు పట్టింది. మానిన తరువాత వైద్యులు ఎం.సి.ఆర్. చెప్పులు (మైక్రో సెల్యులార్ రబ్బరు అనే మెత్తటి రబ్బరు అట్ట వేసినవి) వాడమని రాసిచ్చారు, కొలతలు ఇచ్చి చేయించాము. బజారుకు వెళ్లినా, బ్యాంకుకు వెళ్లినా, పెళ్లిళ్లకు వెళ్లినా అవి లేకుండా ఆయన గడప దాటరు. అయినప్పటికీ ఈ వారం అదే చోట మళ్లీ ఆనె గట్టిపడి, దాని అడుగున నల్లటి మచ్చ కనిపిస్తోంది. నొప్పి లేదంటున్నారు.

చెప్పులు సరిగా కుదరలేదా, లేక వాటి బదులు బూట్లు చేయించాలా అన్నది మాకు తేలడం లేదు. దుకాణాల్లో అందరూ తమ దగ్గర ఉన్నవే షుగర్ చెప్పులని చెబుతున్నారు. తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

వరంగల్ సిస్టర్

కృష్ణాతీరం గారూ, ముందుగా చెప్పులను పక్కన పెట్టి ఆ నల్లటి మచ్చ సంగతి చూడండి. ఆనె కింద నల్లగా కనిపిస్తోందంటే లోపల నెత్తురు చేరి ఉండవచ్చు. ఒకసారి పుండు పడి మానిన చోట అలా కనిపించడం మళ్లీ పుండు పడబోతోందనడానికి బలమైన సూచన, ఒక్కోసారి ఆ పొర కింద పుండు అప్పటికే తయారై ఉంటుంది. కాబట్టి వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా రేపే తీసుకువెళ్లండి. ఆనెను పాదాల పరీక్ష చేసేవారే శుభ్రమైన పనిముట్లతో పలచగా తీయాలి. ఇంట్లో బ్లేడుతో గీకడం, మందుల షాపులో దొరికే కార్న్ క్యాప్ అంటించడం రెండూ చేయవద్దు. ఆ క్యాప్‌లో ఉండే ఆమ్లానికి ఆనె ఏదో, మంచి చర్మం ఏదో తెలియదు. షుగర్ వల్ల నరాలు దెబ్బతిని స్పర్శ పోయిన పాదం మీద అది ఎంత లోతుకు తింటున్నదీ మనిషికి తెలియదు.

నొప్పి లేదన్న మాటను శుభవార్తగా తీసుకోకండి. నేను పాదాల పరీక్ష విభాగంలో పనిచేస్తున్నాను. మా దగ్గరికి ఆలస్యంగా వచ్చేవారిలో ఎక్కువమంది చెప్పే మొదటి మాట అదే.

ఇక ఒక ప్రశ్న. గడప దాటేటప్పుడు చెప్పులు వేసుకుంటారని రాశారు. గడప లోపల ఏం వేసుకుంటారు?

కృష్ణాతీరం

సిస్టర్ గారూ, వెంటనే స్పందించినందుకు కృతజ్ఞతలు. రేపు ఉదయమే తీసుకువెళ్తున్నాను. ఇంట్లో ఏమీ వేసుకోరు. మాది గ్రానైట్ నేల. ఉదయం పూజ, పెరట్లో మొక్కలకు నీళ్లు పెట్టడం, వరండాలో నడక, అన్నీ వట్టి కాళ్లతోనే. మా ఇళ్లలో చెప్పులతో లోపలికి రావడమన్నది ఊహకు అందని విషయం.

పాదసేవ

నేను హైదరాబాదులో పాదరక్షలు, ఇన్‌సోళ్లు (బూటు లోపల పాదం కింద పరిచే అట్టలు) అమర్చే పనిలో ఉన్నాను. మీ ప్రశ్నకు సమాధానం చాలావరకు మీ రెండో సందేశంలోనే ఉంది. అయితే దాని వెనుక ఉన్న కారణం తెలిస్తే నాన్నగారికి నచ్చజెప్పడం సులువవుతుంది కనుక కొంచెం విపులంగా రాస్తాను.

పాదంలో స్పర్శ పోయినవారికి పుండ్లు ఎలా పడతాయన్న విషయాన్ని లోకానికి స్పష్టంగా చూపించినవారిలో ముఖ్యుడు పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు. ఆయన 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చేరి కుష్ఠు రోగుల చేతులకు, పాదాలకు చికిత్స చేశారు. ఆ రోజుల్లో కుష్ఠు వల్ల మాంసమే కుళ్లి రాలిపోతుందని వైద్యులు సైతం అనుకునేవారు. వ్యాధి నరాలను దెబ్బతీస్తుంది, నొప్పి తెలియకపోవడం వల్ల రోజువారీ దెబ్బలే పుండ్లుగా మారుతున్నాయి అని ఆయన పని తేల్చింది. తరువాత అమెరికాలో ఆయన ఇదే అవగాహనను మధుమేహ రోగుల పాదాలకూ వర్తింపజేశారు. స్పర్శ లేని పాదానికి హాని మూడు దారుల్లో వస్తుందని ఆయన వివరించేవారు. మేకో గాజుపెంకో దిగినప్పటిలా ఒక్కసారిగా పడే పెద్ద దెబ్బ మొదటిది. బిగుతైన బూటు గంటల తరబడి ఒకే చోట నొక్కి, అక్కడికి నెత్తురు అందకుండా చేయడం రెండోది. మూడోది మనకు కంటికి కనిపించనిది: నడిచేటప్పుడు ఒకే చోట, ఒకే మోతాదులో, వేల అడుగుల పాటు పడే మామూలు ఒత్తిడి.

స్పర్శ ఉన్న మనిషి కాసేపు నడిచాక తనకే తెలియకుండా అడుగు తీరు మార్చుకుంటాడు, ఒక వైపు బరువు తగ్గిస్తాడు, కూర్చుంటాడు. స్పర్శ పోయినవారు ఆ పని చేయరు. దానికి తోడు నరాలు దెబ్బతిన్న పాదంలో చిన్న కండరాలు బలహీనపడి వేళ్లు కొంకర్లు పోతాయి. వేళ్ల మొదళ్ల కింద మెత్తగా ఉండవలసిన కొవ్వు పొర ముందుకు జరిగిపోయి ఎముక నేరుగా నేలను తాకినట్టవుతుంది. చెమట పట్టక చర్మం ఎండి పగుళ్లు బారుతుంది. అక్కడ ఆనె కాస్తుంది, ఆ ఆనె చెప్పులో ఉండిపోయిన గులకరాయిలా పని చేస్తూ ఒత్తిడిని ఇంకా పెంచుతుంది. మీ నాన్నగారి బొటనవేలి మొదట్లో జరిగింది ఇదే.

ఇక ఇంటి విషయానికి వస్తాను. నెదర్లాండ్స్‌లో పుండు మానిన 171 మందికి కొలతలు తీసి పాదరక్షలు చేయించి, ఏడాదిన్నర పాటు గమనించి, 2013లో ఫలితాలు ప్రచురించారు. వారిలో కొందరికి మామూలుగా చేసినవి, మిగతావారికి లోపలి ఒత్తిడిని యంత్రంతో కొలిచి సరిదిద్దినవి ఇచ్చినా, మొత్తం మీద చూస్తే ఈ రెండు గుంపుల మధ్య పుండు తిరగబెట్టడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కానీ తాము వేసే అడుగుల్లో కనీసం 80 శాతం ఆ పాదరక్షలతోనే వేసినవారిని విడిగా చూస్తే, సరిదిద్దిన పాదరక్షలు వాడినవారిలో సుమారు 26 శాతం మందికి, మామూలుగా చేసినవి వాడినవారిలో 48 శాతం మందికి పుండు తిరగబెట్టింది. ఇదే బృందం మరో సంగతి కూడా గమనించింది. బయట వేసిన అడుగుల్లో 87 శాతం పాదరక్షలతో వేస్తే, ఇంట్లో వేసిన అడుగుల్లో 61 శాతమే వాటితో వేశారు. పైగా వారు బయట నడిచినదాని కంటే ఇంట్లో నడిచినదే ఎక్కువ. చెప్పులతోనే ఇంట్లో తిరగడానికి పెద్దగా అభ్యంతరం లేని దేశంలోనే పరిస్థితి ఇలా ఉంటే, మన ఇళ్లలో ఆ లెక్క ఎక్కడ ఉంటుందో మీరే ఆలోచించండి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పుండు పడి మానిన ప్రతి మనిషికీ రెండు జతలు కావాలి, అందులో ఇంటి జతే ముఖ్యమైనది. మన దగ్గర చీటీ రాసేటప్పుడు ఒక జతే రాస్తారు, దాన్ని గుమ్మం బయట విడిచి లోపలికి వస్తారు.

మెట్ట పొలం

నేను ప్రకాశం జిల్లా రైతును, నాకూ పదిహేనేళ్లుగా షుగర్ ఉంది. పాదసేవ గారు రాసింది చదివాక భయం, ధైర్యం రెండూ కలిగాయి. నాకు పుండ్లు ఇంతవరకు పడలేదు గానీ రాత్రిళ్లు అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు ఉంటాయి. కందిచేలో కోసిన మోళ్లు, గట్ల మీద తుమ్మముళ్లు మామూలే. మెత్తటి ఎం.సి.ఆర్. చెప్పులు వేసుకుని పొలానికి వెళ్తే ముల్లు తిన్నగా కాలిలోకి దిగుతుందని మా ఊళ్లో అంటారు. అందుకే నేను టైరు చెప్పులు వాడుతున్నాను. ఇది సరైనదేనా?

సిస్టర్ గారూ, నాకు స్పర్శ ఉందో లేదో ఇంటి దగ్గరే తెలుసుకునే మార్గం ఏమైనా ఉన్నదా?

వరంగల్ సిస్టర్

ఉన్నది, దానికి వేలు చాలు. ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్ వైద్యులు రూపొందించిన పరీక్ష ఇది. మీరు పడుకుని కళ్లు మూసుకోండి. ఇంట్లోవారు తమ చూపుడువేలి కొసతో మీ కాలివేళ్ల కొసలను ఈకతో తాకినంత సుతారంగా, ఒకటి రెండు సెకన్ల పాటు తాకాలి. నొక్కకూడదు, రాయకూడదు, తట్టకూడదు. కుడి బొటనవేలు, కుడి చిటికెనవేలు, ఎడమ బొటనవేలు, ఎడమ చిటికెనవేలు, ఆ తరువాత కుడి మధ్యవేలు, ఎడమ మధ్యవేలు తాకాలి. తాకినప్పుడల్లా ఏ కాలు అన్నది మీరు చెప్పాలి. తెలియకపోతే రెండోసారి ప్రయత్నించకుండా ముందుకు సాగాలి. ఆరింటిలో రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ తెలియకపోతే, మీ పాదాలకు రక్షణ ఇచ్చే స్పర్శ తగ్గిందని భావించి ఆసుపత్రిలో పరీక్ష చేయించుకోండి. అక్కడ 10 గ్రాముల బరువుకు వంగే నైలాన్ పోగుతోనూ, కంపనం తెలుస్తోందో లేదో చూసే 128 హెర్ట్జ్ శ్రుతిదండంతోనూ (ట్యూనింగ్ ఫోర్క్) చూస్తారు.

ఒక్క మాట గుర్తుంచుకోండి. మంటలు, తిమ్మిర్లు ఉన్నాయి కాబట్టి స్పర్శ బాగానే ఉందని చాలామంది పొరబడతారు. మంటతో నిద్ర పట్టని పాదానికే మేకు దిగినా తెలియకపోవడం మేము తరచూ చూస్తాము.

స్పర్శ పోయినవారిలో నడిస్తే పిక్కలు పట్టేయడం, పాదాలు చల్లబడటం, పాదం మీద నాడి అందకపోవడం కూడా ఉంటే రక్తప్రసరణ పరీక్ష తప్పనిసరి. అక్కడ ఎంత మంచి చెప్పులైనా వాటంతట అవి సరిపోవు.

తోలు–దారం

మెట్ట పొలం అన్నగారికి నమస్కారం. విజయవాడలో పాతికేళ్లుగా చెప్పులు చేస్తున్నాను. ఆసుపత్రుల నుంచి చీటీతో వచ్చేవారికి చేయడం తరువాత నేర్చుకున్నాను. మీ ఊరివారు చెప్పినదానిలో సగం నిజం ఉంది. ఎం.సి.ఆర్. అన్నది కాలికి తగిలే పై అట్ట మాత్రమే, నేలకు తగిలే సోలు అది కాదు. అడుగున గట్టి రబ్బరు లేకుండా మొత్తం మెత్తటి పదార్థంతోనే చేసిన చెప్పు ముల్లును ఆపదు. రోడ్ల పక్కన గుట్టలు పోసి అమ్మే మెత్తటి చెప్పులు చాలావరకు అలాంటివే. వేసుకున్న రోజు హాయిగా ఉంటాయి, కొద్ది వారాలకే అణగిపోతాయి.

టైరు సోలు ముల్లును బాగా ఆపుతుంది, దాన్ని నేను తప్పు పట్టను. ప్రమాదం టైరులో లేదు, మేకుల్లో ఉంది. టైరు చెప్పులకు పట్టీలను మేకులతోనే బిగిస్తారు. అట్ట అరిగే కొద్దీ మేకు తల పైకి లేస్తుంది. స్పర్శ ఉన్నవాడు ఆ రోజే చెప్పు తీసి రాయితో కొట్టుకుంటాడు, లేనివాడు సాయంత్రం దాకా దాని మీదే నడుస్తాడు. అందుకే షుగర్ ఉన్నవారి చెప్పుల్లో ఒక్క మేకు కూడా వాడకూడదన్నది మా పనిలో మొదటి నియమం. అతుకు, కుట్టు, ఈ రెండే. మీ చెప్పుల పనివారితో టైరు సోలు మీద పది మిల్లీమీటర్ల ఎం.సి.ఆర్. అట్ట వేయించి, పట్టీలను రెండు పొరల మధ్యకు దించి కుట్టించండి. వెనుక మడమకు పట్టీ పెట్టించడం మరవకండి. వెనుక పట్టీ లేని చెప్పు జారిపోకుండా ఉండాలని కాలివేళ్లు దాన్ని పట్టుకుంటూ వంగుతాయి, వంగిన వేళ్ల కొసలకే పుండ్లు పడతాయి. స్పర్శ బాగా తగ్గినవారి కాలి నుంచి చెప్పు ఊడిపోయినా వారికి తెలియదు. చెప్పు ఎక్కడో వదిలి ఇంటి దాకా వచ్చినవారిని నేను ఎరుగుదును.

బొటనవేలికి, రెండో వేలికి మధ్య దూరే హవాయి చెప్పులు స్పర్శ తగ్గినవారికి పనికిరావు. ఆ సందులో రాపిడికి చర్మం చిట్లుతుంది, అక్కడ ఎవరూ చూసుకోరు.

మంచి ఎం.సి.ఆర్. గుర్తించడం ఎలా అని అందరూ అడుగుతారు. బొటనవేలితో గట్టిగా నొక్కి వదలండి. లోతుగా దిగినా వెంటనే పైకి రావాలి, వేలు అడుగున ఉన్న గట్టి సోలుకు తగిలినట్టు ఉండకూడదు. కొలిచే పరికరం ఉన్నవారు దీని గట్టితనాన్ని షోర్ అనే కొలతలో సుమారు 15 ఉండేలా చూస్తారు. వాడుతున్న చెప్పుల్లో వేళ్ల మొదళ్ల కింద, మడమ కింద గుంట పడి అది రాత్రంతా వదిలేసినా పైకి రాకపోతే అట్ట పని అయిపోయినట్టే. పట్టీలు కొత్తవాటిలా ఉన్నా సరే, అట్ట మార్చాలి.

భాగ్యనగరవాసి

నాకు నాలుగేళ్లుగా షుగర్ ఉంది, అదుపులోనే ఉంది, పైన చెప్పిన పరీక్షలో ఆరు వేళ్లూ తెలిశాయి. ఆఫీసుకు బూట్లు వేసుకోవాలి. ముందు జాగ్రత్తగా మెత్తటి జెల్ ఇన్‌సోల్ కొని బూట్లలో పెట్టుకున్నాను. దీనివల్ల మేలే కదా?

పాదసేవ

మీ పాదంలో స్పర్శ, రక్తప్రసరణ బాగుంటే ప్రత్యేక పాదరక్షలు అవసరం లేదు, కొలతకు సరిపోయే మామూలు బూట్లు చాలు. ఏడాదికి ఒకసారి పాదాల పరీక్ష చేయించుకోండి. మామూలు బూటులో అదనంగా ఇన్‌సోల్ పెట్టడం గురించి మాత్రం జాగ్రత్తగా ఉండాలి. అది పాదాన్ని పైకి లేపుతుంది, పైభాగంలో చోటు తగ్గుతుంది, వేళ్ల కణుపులు బూటు పైతోలుకు ఒరుసుకుంటాయి. మీకు స్పర్శ ఉంది కనుక అది ఇబ్బందిగా తోచి మీరే తీసివేస్తారు. స్పర్శ లేనివారు అడుగు భాగాన్ని కాపాడుకోబోయి పై భాగాన పుండు తెచ్చుకుంటారు. అందుకే వారికి లోతు ఎక్కువగా ఉండే బూట్లు ఇస్తారు.

కొలత విషయంలో మధుమేహ పాద సమస్యలపై పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం ఇచ్చిన మార్గదర్శకాలు సరళంగా ఉన్నాయి. బూటు లోపలి పొడవు అన్నిటికంటే పొడవైన వేలి కంటే 1 నుంచి 2 సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి. లోపలి వెడల్పు వేళ్ల మొదళ్ల దగ్గర పాదం వెడల్పుకు సమానంగా ఉండాలి. వేళ్లన్నిటికీ ఎత్తులోనూ చోటు ఉండాలి. కొలత నిలబడి చూడాలి, వీలైతే సాయంత్రం పూట చూడాలి, ఎందుకంటే పొద్దుటికీ సాయంత్రానికీ పాదం వాపు మారుతుంది. స్పర్శ తగ్గినవారు దుకాణంలో తెలియకుండానే ఒక సైజు చిన్నది ఎంచుకుంటారు, బిగుతుగా ఉంటేనే కాలికి ఏదో ఉన్నట్టు వారికి తెలుస్తుంది. కాబట్టి వారి మాట మీద ఆధారపడకండి. కాగితం మీద నిలబెట్టి పాదం చుట్టూ గీసి, ఆ ఆకారాన్ని కత్తిరించి బూటులోకి దూర్చండి. కాగితం అంచులు మడత పడితే ఆ బూటు ఆ పాదానికి కాదు.

డల్లాస్ తెలుగు

మా అమ్మగారు ఇక్కడ మాతోనే ఉంటారు, ఆమెకు మెడికేర్ (ముఖ్యంగా పెద్ద వయసువారికి అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) ఉంది. అమెరికాలో మెడికేర్ ద్వారా అర్హులైన మధుమేహ రోగులకు ఏడాదికి ఒక జత లోతైన బూట్లు, మూడు జతల ఇన్‌సోళ్లు వస్తాయి. మధుమేహానికి చికిత్స చేసే వైద్యుడు ధ్రువీకరించాలి. ఇక్కడ తల్లిదండ్రులు ఉన్న తెలుగువారిలో చాలామందికి ఈ సదుపాయం సంగతి తెలియదు కనుక రాస్తున్నాను. అయితే బూట్లు వచ్చాక అమ్మ వాటిని గరాజ్‌లోనే విడిచి, లోపల సాక్సులతో తిరిగేవారు. ఒకనాటి రాత్రి ఆమె సాక్సుకు నెత్తురు మరక చూసి వెతికితే కార్పెట్‌లో పడిన కుట్టుసూది సగం విరిగి మడమలో ఉంది. ఉదయం నుంచి దానితోనే తిరిగారు. కార్పెట్ ఉంది కదా, మెత్తగా ఉంది కదా అన్న ధీమా ఎవరికీ వద్దు. సాక్సు చెప్పు కాదు.

సింహగిరి

ఇంటి సంగతి సరే, గుడి సంగతి ఎవరైనా చెబుతారా? మాది విశాఖపట్నం. మా మేనమామ గారు ఏటా ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తారు. అది సుమారు 32 కిలోమీటర్లు, వట్టి కాళ్లతో నడుస్తారు. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుంటారు, ఆ 41 రోజులూ చెప్పులు ముట్టరు. పాదాల్లో స్పర్శ తగ్గిందని వైద్యులు చెప్పినా, స్వామి చూసుకుంటాడని అంటారు. ఆయన భక్తిని కించపరచకుండా ఎలా చెప్పాలో మాకు తెలియడం లేదు.

వరంగల్ సిస్టర్

ఇది చాలా ఇళ్లలో ఉన్న సమస్య, అడిగినందుకు సంతోషం. వేసవిలో మధ్యాహ్నం గుడి ప్రాంగణంలో బండల మీద నడిచి రెండు అరికాళ్లూ బొబ్బలెక్కి వచ్చేవారిని ప్రతి ఏడాదీ చూస్తున్నాను. వారిలో ఎవరికీ నడిచేటప్పుడు కాలినట్టు తెలియదు. ఇంటికి వచ్చాక నేల మీద తడి ముద్రలు చూసి ఇంట్లోవారు గుర్తిస్తారు.

నేను వారితో భక్తి గురించి వాదించను. దీక్షకు వచ్చినప్పుడు గురుస్వామితో ముందుగా మాట్లాడమంటాను. అనారోగ్యం ఉన్నవారికి సడలింపు ఇచ్చే గురుస్వాములు చాలామంది ఉన్నారు, వారు చెప్పిన మాట రోగి వింటాడు, మేము చెబితే వినడు. గుడికి వెళ్లాలంటే ఎండ ఎక్కకముందే వెళ్లి రావాలి. తిరుమల మాడ వీధుల్లాంటి చోట్ల చెప్పులు వేసుకోకూడదు గనుక అక్కడ నడక తగ్గించుకోవాలి, చక్రాల కుర్చీ దొరికే చోట మొహమాటపడకూడదు. దర్శనమయ్యాక బయటికి రాగానే కూర్చుని రెండు అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోవాలి, కనిపించకపోతే అద్దం పెట్టి చూసుకోవాలి. ముప్ఫై కిలోమీటర్ల ప్రదక్షిణ మాత్రం స్పర్శ పోయిన వట్టి కాళ్లతో చేయకూడదు. ఇందులో మధ్యేమార్గం నాకు కనిపించదు.

కృష్ణాతీరం

ఆసుపత్రికి వెళ్లి వచ్చాము. సిస్టర్ గారు అనుమానించినట్టే ఆనె కింద నెత్తురు చేరి ఉంది. పలచగా తీసి చూస్తే అడుగున చర్మం చిన్నగా చిట్లి ఉంది, ఎముక దాకా వెళ్లలేదని చెప్పారు. కాలికి కట్టు లాంటిది వేసి, మానే వరకు తీయవద్దన్నారు. ఎం.సి.ఆర్. చెప్పులతోనే జాగ్రత్తగా నడిస్తే సరిపోదా అని నాన్నగారు అడుగుతున్నారు.

పాదసేవ

సరిపోదు. రక్షణ చెప్పులు పుండు రాకుండా చూడటానికే గాని, పడిన పుండును మాన్పడానికి కావు. అరికాలి పుండు మానాలంటే ఆ చోట భారం దాదాపు పూర్తిగా తీసివేయాలి. మోకాలి దాకా ఉండి, రోగి తనంతట తాను విప్పలేని కట్టు లేదా బూటు మొదట ఎంచుకోవలసిన మార్గమని మార్గదర్శకాలు చెప్పడానికి కారణం, విప్పే వీలుంటే మనిషి విప్పుతాడు కాబట్టి. కట్టు కట్టిన కాలు రెండోదాని కంటే ఎత్తవుతుంది. రెండో కాలికి ఎత్తు సరిచేసిన చెప్పు ఇవ్వకపోతే తూలి పడే ప్రమాదం ఉంది, అడిగి తీసుకోండి. జ్వరం గానీ, దుర్వాసన గానీ, కట్టు పైభాగాన ఎరుపు గానీ కనిపిస్తే గంటల్లో వెళ్లాలి.

మానిన తరువాత మొదటి ఏడాదే ఎక్కువ జాగ్రత్త కావాలి. మానిన ప్రతి పది మందిలో సుమారు నలుగురికి ఏడాది లోపు తిరగబెడుతుందని ప్రపంచవ్యాప్త పరిశోధనల సారాంశం.

కృష్ణాతీరం

ఇంటి జత గురించి కూడా మాట్లాడాము. నాన్నగారి అభ్యంతరం చెప్పుల మీద కాదని ఇప్పుడు అర్థమైంది. తోలు వస్తువుతో పూజ గదిలోకి, వంటింట్లోకి వెళ్లడం ఆయనకు ఇష్టం లేదు. వీధిలో తిరిగిన సోలు లోపలికి రావడం అమ్మకు ఇష్టం లేదు. తోలు లేకుండా చేయడం సాధ్యమేనా?

తోలు–దారం

తప్పకుండా సాధ్యమే, అలాంటివి చాలా చేశాను. పట్టీలకు మెత్తటి రెక్సిన్ గానీ, దళసరి గుడ్డ గానీ వాడి లోపల పలచని స్పాంజి అస్తరు వేస్తాను. పై అట్ట ఎం.సి.ఆర్., కింద పలచని, జారని రబ్బరు సోలు. గ్రానైట్ నేల తడిసినప్పుడు పెద్దవారు జారకుండా ఉండటం పుండు రాకుండా ఉండటమంత ముఖ్యం. రంగు బయటి జత రంగుకు వేరుగా వేస్తాను, అప్పుడు పొరపాటున ఒకదాని బదులు ఒకటి గడప దాటదు. పూజ గదికి కూడా ఇష్టం లేకపోతే గుమ్మం పక్కనే విడిచి, లోపల ఆసనం మీద కూర్చుని పూజ చేసుకుని, లేవగానే వేసుకోమనండి. కూర్చున్నప్పుడు పాదానికి భారం లేదు కదా.

పట్టీలకు వెల్‌క్రో పెడతాను, కొసలు కాస్త పొడుగ్గా వదులుతాను, సాయంత్రం వాపుకు వదులు చేసుకోవచ్చు. అయితే బిగించే పని ఆయనకు వదలకండి. స్పర్శ లేనివారు వెల్‌క్రోను మరీ బిగుతుగా లాగుతారు. పట్టీకి, పాదానికి మధ్య మీ చిటికెనవేలు తేలిగ్గా దూరాలి.

ఒక సంగతి చెప్పాలి. కొంతమంది ఎం.సి.ఆర్. చెప్పులు వద్దంటారు, కారణం అడిగితే చెప్పరు. కుష్ఠు రోగులకు ప్రభుత్వం ఇచ్చే చెప్పులు ఇవే కావడంతో ఊళ్లో ఏమనుకుంటారోనని వారి భయం. అలాంటివారికి నేను నలుపు అట్ట మీద పలచని గోధుమరంగు పొర వేసి, మామూలు సాండిళ్లలా కనిపించేలా చేస్తాను. వేసుకోవడానికి సిగ్గుపడే చెప్పు ఎంత గొప్పదైనా అలమరలోనే ఉంటుంది. అందంగా చేయడం కూడా ఈ పనిలో భాగమే.

మెట్ట పొలం

అందరికీ కృతజ్ఞతలు. పరీక్షలో ఆరింటిలో మూడు వేళ్లు నాకు తెలియలేదు. ఒంగోలులో చూపించుకోవడానికి వెళ్తున్నాను. వరి మడిలో దిగవలసి వచ్చినప్పుడు ఏం చేయాలో కూడా ఎవరైనా చెప్పండి.

వరంగల్ సిస్టర్

మూడు తెలియలేదంటే వరి మడిలోకి దిగే పని ఇంట్లో మరొకరికి అప్పగించడమే మంచిది. తప్పనిసరైతే మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు, లోపల నూలు సాక్సులు వేసుకుని కాసేపు మాత్రమే దిగండి. బూట్లలో చెమటకు చర్మం నానుతుంది గనుక బయటికి రాగానే విప్పి, కడిగి, వేళ్ల సందులు పొడి గుడ్డతో అద్దుకోండి. ఏ బూటైనా, ఏ చెప్పైనా వేసుకునే ముందు లోపలికి చేయి పెట్టి తడిమి, బోర్లించి దులపండి. పొలంలో తేళ్ల కోసం ఎలాగూ చేస్తారు, ఇకపై గింజ, రాయి, మేకు కోసం కూడా చేయండి.

మరో అలవాటు చేసుకోండి. రోజూ పడుకునే ముందు రెండు పాదాలనూ ఒకే చోట తాకి చూడాలి. ఒక పాదంలో ఒక చోట, రెండో పాదంలో అదే చోటు కంటే వేడిగా ఉంటే లోపల వాపు మొదలైనట్టు. పరారుణ థర్మామీటరు ఉన్నవారు 2.2 సెల్సియస్ డిగ్రీల తేడాను హద్దుగా పెట్టుకుంటారు. ఆ తేడా రెండు రోజులు వరుసగా ఉంటే నడక తగ్గించి వైద్యులను కలవాలి.

కృష్ణాతీరం

తోలు–దారం గారూ, కట్టు విప్పిన వెంటనే నాన్నగారిని మీ దగ్గరికి తీసుకువస్తాను. వచ్చేటప్పుడు ఏమేమి తేవాలి? కొత్త జత రాగానే రోజంతా వేసుకోవచ్చా?

తోలు–దారం

మధ్యాహ్నం మూడు దాటాక రండి, అప్పటికి పాదం వాపు తెలుస్తుంది. వైద్యుల చీటీ, ఆయన వేసుకునే సాక్సులు, ఇప్పుడు వాడుతున్న పాత చెప్పులు తీసుకురండి. పాత చెప్పులను కడగవద్దు, తుడవవద్దు. అట్ట మీద ఎక్కడ గుంట పడిందో, ఎక్కడ మెరుపు దేలిందో చూస్తే ఆయన భారం ఎక్కడ మోపుతున్నారో నాకు తెలుస్తుంది. కొత్త జత మొదటి రోజు గంటసేపే వేయండి. తీసి చూస్తే ఎక్కడైనా కందినట్టు ఉండి, ఆ ఎరుపు అరగంటలో పోకపోతే అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టి చెప్పులతో సహా మళ్లీ రండి, ఆ చోట అట్ట తొలుస్తాను. ఎరుపు లేకపోతే రోజుకో గంట చొప్పున పెంచుకుంటూ పోండి.